ఎండతో నడచు చిన్న యంత్రములు – వాని జమాఖర్చులు

విజ్ఞాన ప్రదర్శనములకై మన విద్యార్థులు తయారుచేయు వస్తువులు ఈ పదియేండ్లలో మిక్కిలి మారినవి. పూర్వము సున్నపుతేట, నిమ్మకాయ, అయస్కాంతము, రాగితీగె మొదలైన వానితో తృప్తిపడెడివారు నేడు నేలలోని తేమను కొలుచు సాధనములను, వానను లెక్కించు పాత్రలను, చీకటి పడగానే తమంతట తామే వెలుగు దీపములను కట్టుచున్నారు. ఈ పనులకు కావలసిన చిన్న పలకలు కొలది వందల రూపాయలకే దొరకుచుండుటచే ఉత్సాహవంతులగు బాలబాలికలకు ఇవి అందుబాటులోనికి వచ్చినవి. ఇది సంతోషింపదగిన సంగతియే. అయితే ప్రదర్శనపు బల్లమీద గోడ ప్లగ్గునుండి విద్యుత్తును తీసికొని చక్కగా పనిచేసిన యంత్రము, తోటలోనికో పొలములోనికో కొనిపోయి నిలిపినంతనే మూగవోవుచున్నది. అచ్చట ప్లగ్గు లేదు. ఎండ మాత్రము కలదు.

"ఒక సౌరఫలకమును, మరల మరల నింపదగిన బ్యాటరీని కొని తగిలించిన చాలదా, అయ్యగారూ?" అని విద్యార్థులు మమ్ము తరచుగా అడుగుచుందురు. చాలును. కాని ఎంత ఫలకము, ఎంత బ్యాటరీ అను ప్రశ్నకు జవాబు అంగడివానియొద్ద దొరకదు; అది మన యంత్రముయొక్క లెక్కలోనే దొరకును. ఆ లెక్క వేయు విధమును, ఈ వస్తువులను కలుపు విధమును, అందు గల అపాయములను ఈ వ్యాసమున వివరింప బూనితిమి. గుణకారము, భాగహారము తెలిసిన ఎనిమిదవ తరగతి విద్యార్థికి సైతము ఇది బోధపడగలదు.

ఫలకము పనిచేయు తీరు

వెలుతురు పడినంతమాత్రమున విద్యుత్ప్రవాహము పుట్టగలదని 1839వ సంవత్సరమున ఫ్రాన్సు దేశస్థుడగు ఎడ్మండ్ బెకరెల్ కనిపెట్టెను. అప్పటికి ఆతని వయస్సు 19 సంవత్సరములు. ఆ విశేషము పనికివచ్చు సాధనముగా మారుటకు నూరేండ్లకు పైగా పట్టెను. 1954వ సంవత్సరము ఏప్రిల్ 25వ తేదీన అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు తమ పరిశోధకులగు డారిల్ చాపిన్, కాల్విన్ ఫుల్లర్, జెరాల్డ్ పియర్సన్ అను మువ్వురు సిలికానుతో చేసిన సౌరఘటమును లోకమునకు చూపిరి. తనపై పడిన వెలుతురులో నూటికి సుమారు 6 వంతులను అది విద్యుత్తుగా మార్చెను. దానితో నడపి చూపినది పెద్ద కర్మాగారమును కాదు; ఒక ఆటబొమ్మ రంగులరాట్నమును, ఒక చిన్న రేడియో ప్రసార యంత్రమును. కావున చిన్న యంత్రములను ఎండతో నడపదలచిన నేటి విద్యార్థి, ఆ విద్యను మొదట నేర్చినవారి దారినే పోవుచున్నాడు.

1958వ సంవత్సరము మార్చి 17వ తేదీన అమెరికావారు ఆకాశమునకు పంపిన వాన్‌గార్డ్ 1 అను చిన్న ఉపగ్రహము ఈ విషయమున మంచి పాఠము చెప్పుచున్నది. అందు రెండు రేడియో ప్రసార యంత్రములు కలవు. ఒకటి మరల నింపుటకు వీలులేని పాదరసపు బ్యాటరీతోను, రెండవది సౌరఘటములతోను నడచెను. మొదటిది ఆ జూను నెలలోనే నిలిచిపోయెను. రెండవది 1964వ సంవత్సరము వరకు పలుకుచునే యుండెను. నిలువ యెంత గొప్పదైనను రాబడి లేనిచో తరిగిపోవును. రాబడి కొంచెమైనను ఖర్చు దానికి లోబడియున్నచో యంత్రము బ్రదుకును.

ఇక ఘటము పనిచేయు తీరును జెప్పెదము. సిలికాను పలుకకు ఒకవైపున అతి స్వల్పముగా ఫాస్ఫరసును, రెండవవైపున బోరానును చేర్చుదురు. ఈ రెంటికిని నడుమ ఒక సరిహద్దు ఏర్పడును. వెలుతురు తగిలినప్పుడు పలుకలోని ఎలెక్ట్రానులు కొన్ని తమ తావులు విడిచి కదలును. సరిహద్దునందలి విద్యుత్ క్షేత్రము వానిని ఒకే వైపునకు త్రోయును. రెండు ముఖములను తీగెతో కలిపినచో ఆ ఎలెక్ట్రానులు తీగెగుండా ప్రవహించి మనకు పనిచేయును.

ఘటము చిన్నదైనను పెద్దదైనను పనిచేయునప్పుడు అది ఇచ్చు ఒత్తిడి సుమారు అర వోల్టు మాత్రమే. వైశాల్యము పెరిగినకొలది ప్రవాహము, అనగా ఆంపియరులు, పెరుగును గాని వోల్టులు పెరుగవు. అందుచే 6 వోల్టుల ఫలకమునందు 12 ఘటములను ఒకదాని వెనుక నొకటి గొలుసువలె కలుపుదురు. ఈ గొలుసు సంగతిని విద్యార్థులు మరువరాదు. గొలుసులో ఒక్క ఘటముమీద వేపాకు పడి కప్పివేసినను తక్కిన పదకొండింటి ప్రవాహమునకును అడ్డు కలుగును. కాలువలో ఒక్కచోట పూడిక పడినచో దిగువ పొలములన్నియు ఎండుట వంటిదే ఇది.

ఫలకము వెనుక "6 వోల్టులు, 1 వాట్టు" అని వ్రాసియుండును. ఆ 1 వాట్టు, చదరపు మీటరునకు 1000 వాట్టుల ఎండ కాయుచు ఘటములు 25 డిగ్రీల వేడిమిలో నున్నప్పటి మాట. మన ప్రాంతమున మే మాసపు మధ్యాహ్నము ఫలకము 60 డిగ్రీలకు కాగుట వింత కాదు. డిగ్రీ ఒక్కింటికి నూటికి సుమారు 0.4 వంతున శక్తి తగ్గును గనుక, ఆ వేడికి నూటికి 14 వంతులు పోవును. ఎండ ఎక్కువయినకొలది లాభమెక్కువ యని తలచువారు ఈ నష్టమును గూడ గమనింపవలెను.

నిలువచేయు సెల్లులు

మరల నింపదగిన సెల్లులలో మనకు సామాన్యముగా కనబడునవి నాలుగు విధములు.

మొదటిది సీసము, గంధకికామ్లము గల బ్యాటరీ. దీనిని 1859వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమున గాస్టన్ ప్లాంటే కనిపెట్టెను. మోటారు బండ్లలోను, ఇండ్లలోని ఇన్వర్టర్లలోను ఉండునది ఇదియే. బరువెక్కువ. ఖాళీగా విడిచి పెట్టినచో త్వరగా చెడిపోవును. చిన్న యంత్రములకు తగినది కాదు.

రెండవది నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు. గోడ గడియారములో వేయు సెల్లు పరిమాణముననే యుండును. ఒక్కొక్కటి 1.2 వోల్టులు. నెమ్మదిగా నింపినచో కొంచెము అధికమైనను ఓర్చుకొనును, అగ్నిభయము తక్కువ. క్రింది తరగతుల పిల్లల చేతికి ఇయ్యదగినది ఇదియే.

మూడవది లిథియం అయాను సెల్లు. 1991వ సంవత్సరమున సోనీ సంస్థ దీనిని మొదట అమ్మకమునకు తెచ్చెను. దీని వెనుక కృషిచేసిన జాన్ గుడెనఫ్, స్టాన్లీ విట్టింగ్‌హామ్, అకిరా యోషినోలకు 2019వ సంవత్సరమున రసాయనశాస్త్రపు నోబెల్ బహుమానము లభించెను. మన చేతి ఫోనులలోను, లాప్‌టాపులలోను ఉండునది ఇదియే. సామాన్యముగా 3.7 వోల్టులు, నిండినప్పుడు 4.2 వోల్టులు, 3 వోల్టులకు దిగినచో ఖాళీయైనదని ఎంచవలెను. చిన్న ఒడలిలో ఎక్కువ శక్తి నిలుపును. ఆ కారణముచేతనే ఎక్కువ జాగ్రత్త కోరును.

నాలుగవది లిథియం ఐరన్ ఫాస్ఫేటు సెల్లు. 3.2 వోల్టులు. మూడవదానికంటె కొంచెము తక్కువ నిలుపును గాని వేడిని ఎక్కువగా తట్టుకొనును, ఎక్కువ యేండ్లు మన్నును. దీనిని 3.65 వోల్టులకు మించి నింపరాదు గనుక దీనికి వేరు చార్జరు కావలెను.

చెరువు లెక్క

ఈ ఏర్పాటునంతను మన పల్లెల చెరువుతో పోల్చిన సులభముగా తెలియును. ఫలకము చెరువులోనికి నీరు తెచ్చు వాగు. బ్యాటరీ చెరువు. యంత్రము ఆయకట్టు పొలము. వాగు పగలు మాత్రమే పారును; మబ్బు దినములలో సన్నగిల్లును. పొలము రేయింబవళ్లు త్రాగుచునే యుండును. చెరువు నిండిన పిమ్మట అధికజలము పోవుటకు అలుగు, అడుగంటకుండ కాపాడుటకు తూము ఎట్లు కావలెనో, బ్యాటరీకి చార్జరు అట్లు కావలెను.

ఇప్పుడొక ప్రశ్న. రైతు మొదట దేనిని లెక్కింపవలెను? వాగునా, చెరువునా? ఆతడు మొదట లెక్కించునది తన పొలమునకు ఎన్ని నీళ్లు కావలెనన్న సంగతి. మన విద్యార్థులు దీనికి విపరీతముగా మొదట ఫలకమును కొని, పిదప బ్యాటరీని కొని, తుదకు యంత్రము ఎంత త్రాగునో చూచుచున్నారు. చిన్న యంత్రములు చాలవరకు విఫలమగుటకు కారణము ఇదియే.

గత వర్షఋతువున మా పాఠశాల తోటలో పదవ తరగతి విద్యార్థులు నిలిపిన వానకొలత యంత్రమును ఉదాహరణముగా తీసికొందము. గరాటునుండి పడిన నీరు ఒక చిన్న ఊగుడు దొన్నెను నింపును. అది నిండి ఒరిగినప్పుడెల్ల ఒక అయస్కాంతము మీటకు తగిలి లెక్క ఒకటి పెరుగును. ఒరుగుట ఒక్కింటికి 0.2 మిల్లీమీటరు వాన. ఆ లెక్కను ఇ.ఎస్.పి. 32 అను చిన్న పలక వైఫై ద్వారా ఆఫీసు గదిలోని కంప్యూటరునకు పంపును. యంత్రము రెండు వారములు ఎండలో చక్కగా పనిచేసెను. పిమ్మట అల్పపీడనము పట్టి వాన కురిసిన మొదటి రాత్రియే నిలిచిపోయెను. వానను కొలుచుటకు కట్టిన యంత్రము వానలేని దినములలో మాత్రమే పనిచేసినచో ప్రయోజనమేమి? ఎప్పుడు సూర్యుడు కనబడడో అప్పుడే దాని పని అవసరము. పిల్లలు ఇంకను పెద్ద ఫలకమును కొనుటకు చందా పోగుచేయ మొదలిడిరి. అందుకు ముందుగా లెక్క వేయుడని వారితో చెప్పితిమి. ఆ లెక్క ఇట్లున్నది.

ఖర్చు. ఆ పలక మేలుకొని వైఫైతో మాటలాడుచున్నప్పుడు సగటున 120 మిల్లీ ఆంపియరులు తీసికొనుచున్నట్లు మల్టీమీటరు చూపెను. రేయింబవళ్లు మేలుకొనియున్నచో దినమునకు 120ని 24తో గుణింపగా 2880 మిల్లీ ఆంపియరు గంటలు. వారు వాడిన సెల్లు నిలువ 2500. అందు నూటికి 80 వంతులు మాత్రమే, అనగా 2000 మాత్రమే, నమ్మదగినది. ఆ నిలువ 17 గంటలకైనను చాలదు. ఎండ కాసిన దినములలో పగటి రాబడి దీనికి తోడగుచుండెను గనుక లోపము బయటపడలేదు.

రాబడి. వారి ఫలకము 6 వోల్టులు, 5 వాట్టులు. వాట్టు ఒక్కింటికి లెక్కించినచో 1ని 6చే భాగింపగా 166 మిల్లీ ఆంపియరులు. ఉదయము మొదలు సాయంకాలము వరకు ఎండ ఒక్క తీరున కాయదు. దినమంతటి ఎండను కలిపి సుమారు 4 గంటల నిండు ఎండగా ఎంచుట క్షేమము. 166ని 4తో గుణింపగా 664. ఇందు దుమ్ము, వేడిమి, వాలు, చార్జరు నష్టముల క్రింద నూటికి 40 వంతులు తీసివేసినచో వాట్టు ఒక్కింటికి దినమునకు సుమారు 400 మిల్లీ ఆంపియరు గంటలు మిగులును. 5 వాట్టులకు 2000. ఖర్చు 2880, రాబడి 2000. ఎండ దినమున సైతము లోటే కలదు. రెండు వారములు నడచుటకు కారణము, ఆ దినములలో ఎండ మన లెక్కకంటె కొంచెము ఎక్కువగా కాయుటయే. దట్టమైన మబ్బు పట్టినచో రాబడి పదియవ వంతుకు పడిపోవుట సామాన్యము.

ఏడు దినములు ముసురు పట్టినను ఈ యంత్రము నిలువవలెనన్నచో 2880ని 7తో గుణింపగా 20160 మిల్లీ ఆంపియరు గంటల నిలువ కావలెను. అనగా అట్టి సెల్లులు పది. వానిని నింపుటకు ఇంకను పెద్ద ఫలకము. ఒక చిన్న దొన్నె ఊగుటను లెక్కించుటకు ఇంత సామగ్రియా?

ఇందుకు మార్గము వేరొకటి కలదు. ఈ పలక నిదురింపగలదు. పది నిమిషముల కొకమారు మేలుకొని, పది సెకండ్లలో వార్త పంపి, మరల నిదురించునట్లు దానికి ఆజ్ఞ వ్రాయవచ్చును. దొన్నె ఒరిగినప్పుడు వైఫై తెరువకుండ అర సెకండు మాత్రమే మేలుకొని లెక్క పెంచి పండుకొనును. అప్పటి ఖర్చు చూడుడు. దినమునకు 144 మారులు, మారునకు 10 సెకండ్లు, మొత్తము 1440 సెకండ్లు, అనగా 0.4 గంట. 120తో గుణింపగా 48. నిదురించునప్పుడు వారి పలక తీసికొనునది 1 మిల్లీ ఆంపియరు, 23.6 గంటలకు సుమారు 24. మొత్తము 72. ఒక దినమున 100 మిల్లీమీటరుల కుంభవృష్టి కురిసినను దొన్నె 500 మారులు మాత్రమే ఒరుగును; దానికి మరి 3 కలిపినను చాలును.

ఇదివరకు 2880, ఇప్పుడు 75. సుమారు నలువదింట ఒక వంతు. ఆ యొక్క సెల్లే 2000ను 75చే భాగింపగా 26 దినములు ఎండ లేకున్నను నిలుచును. 5 వాట్టుల ఫలకము అక్కరలేదు. 1 వాట్టు ఫలకమే దినమునకు 400 తెచ్చును. ఏడు దినముల ముసురులో 525 తరిగినను ఎండ వచ్చిన రెండు దినములలో ఆ లోటు తీరును. పెద్ద ఫలకమునకై పోగుచేసిన చందా తిరిగి పంచిపెట్టబడెను. యంత్రము అక్టోబరు ముసురులలో ఒక్క దినమైనను ఆగలేదు.

ఇందలి సారమును విద్యార్థులు గ్రహింపవలెను. రాబడి పెంచుటకు రూపాయలు కావలెను. ఖర్చు తగ్గించుటకు కొంత ఆలోచన చాలును. కొన్ని పలకలయందు ఊరక వెలుగుచుండు ఎర్రని చుక్కదీపము సైతము రేయింబవళ్లు తన వంతు త్రాగుచునే యుండును. ఆర్డుయినో ఊనో అను ప్రసిద్ధమైన పలక ఏ పనియు చేయకున్నను సుమారు 50 మిల్లీ ఆంపియరులు తీసికొనును. అనగా దినమునకు 1200. అది నేర్చుకొనుటకు మంచిది, తోటలో నిలుపుటకు తగదు. కావున ఏ యంత్రమునకైనను మొదట మల్టీమీటరుతో ఖర్చును కొలువుడు. కొలుచునప్పుడు మీటరును ఆంపియరుల స్థానమున నుంచి తీగె మధ్యలో కలుపవలెను గాని, బ్యాటరీ రెండు కొనలకు ఎన్నడును తగిలింపరాదు. అట్లు చేసినచో బ్యాటరీని తీగెతో నేరుగా కలిపినట్లే యగును.

నడుమ నుండు చార్జరు

ఫలకమును లిథియం అయాను సెల్లునకు నేరుగా కలుపరాదు. 4.2 వోల్టులకు చేరగానే నింపుట ఆపు చార్జరు నడుమ నుండితీరవలెను. బజారున చౌకగా దొరకునది టి.పి. 4056 అను చిన్న పలక. 6 వోల్టుల ఫలకమునకు ఇది పనికివచ్చును. 12 వోల్టుల ఫలకమును దీనికి తగిలింపరాదు. అది బరువు లేనప్పుడు 20 వోల్టుల దాక ఇచ్చును, చార్జరు 8 వోల్టులకు మించి ఓర్వదు. సౌరఫలకములతో వాడుటకే ఉద్దేశింపబడిన సి.ఎన్. 3065 అను రకము ఫలకముయొక్క బలహీనతను గుర్తెరిగి దాని శక్తికి తగినట్లు తీసికొనును గనుక మేలైనది.

టి.పి. 4056 పలకలలో రెండు విధములు కలవు. కొన్నింట సెల్లును నింపు భాగము మాత్రమే యుండును. మరికొన్నింట సెల్లు మరీ ఖాళీ కాకుండను, తీగెలు కలిసినప్పుడు ప్రవాహమును ఆపునట్లును రక్షణ భాగము గూడ నుండును. ఈ రెండవదానినే కొనవలెను. సెల్లునకు రెండు, యంత్రమునకు రెండు వేరువేరుగా కొనలు గలది రక్షణ గలదని గుర్తు.

నికెల్ సెల్లుల విషయమున పని ఇంకను సులభము. ఫలకముయొక్క ప్రవాహము సెల్లు నిలువలో పదియవ వంతునకు మించనిచో నడుమ ఒక డయోడుతో కలిపిన చాలును. 2000 నిలువ గల సెల్లులు మూడు వరుసగా నుంచి 1 వాట్టు ఫలకమును కలిపినచో ప్రవాహము 166. పదియవ వంతు 200. కావున క్షేమము. ఇక్కడ డయోడు పని యేమనగా, పగలు ఫలకమునుండి సెల్లునకు దారి యిచ్చి, రాత్రి సెల్లునుండి ఫలకమునకు వెనుకకు పారకుండ అడ్డుకొనుట.

నిలుపు విధము

మన తెలుగునాడు భూమధ్యరేఖకు ఉత్తరమున రమారమి 13 మొదలు 19 డిగ్రీలవరకు వ్యాపించియున్నది. సంవత్సరమంతయు కదలకుండ నుండు ఫలకమును దక్షిణమునకు తిప్పి సుమారు 15 డిగ్రీలు వాల్చిన మంచిది. మే మొదటివారము మొదలు ఆగస్టు మొదటివారమువరకు మధ్యాహ్న సూర్యుడు విజయవాడకు కొంచెము ఉత్తరముగనే నడచును గాని, ఆ నెలలలో ఎండ మిక్కుటము గనుక ఆ నష్టము లెక్కింపదగినది కాదు. శీతకాలమున సూర్యుడు దక్షిణమునకు వాలినప్పుడు ఈ వాలు ఎంతయు మేలుచేయును. వాలు వలన వానకు దుమ్ము కడుగబడుట మరియొక లాభము. చెట్టునీడ ఉదయముననో సాయంకాలముననో ఫలకముపై పడుచున్నదేమో ఒక దినమంతయు కనిపెట్టి చూచి పిదప మేకు కొట్టుడు. వారమున కొకమారు తడిగుడ్డతో తుడువుడు. పక్షులను, సాలెగూళ్లను కూడ మరువకుడు.

అపాయములు – తలిదండ్రులకు ఒక మాట

లిథియం అయాను సెల్లు నిప్పుపెట్టె వంటిది. తెలిసి వాడినవానికి సేవకుడు. తెలియక వాడినవానికి ఇల్లు కాల్చును. కావున ఈ క్రింది సంగతులను విద్యార్థులతోబాటు తలిదండ్రులు కూడ చదువుదురుగాక.

సామాన్యముగా 45 డిగ్రీలకు మించిన వేడిలో ఈ సెల్లును నింపరాదు. రెంటచింతల, రామగుండము వంటి తావులలో మే మాసమున నీడలోనే వేడిమి అంతకు చేరుట కలదు. ఫలకముక్రింద మూసిన నల్లని పెట్టెలో సెల్లును పెట్టుట దానిని పొయ్యిలో పెట్టుటయే. సెల్లుండు పెట్టె తెల్లనిదిగా, ఫలకమునకు దూరముగా, నేలకు దగ్గరగా, నీడలో, గాలి ఆడునట్లు ఉండవలెను. అట్టి తావు దొరకనిచో నికెల్ సెల్లునో, ఐరన్ ఫాస్ఫేటు సెల్లునో వాడుడు. వేసవిలో వానిని సైతము నీడలోనే యుంచుడు.

ఉబ్బిన సెల్లును, నలిగిన సెల్లును, పాత లాప్‌టాపునుండి ఊడదీసిన సెల్లును పిల్లలచేతికి ఇయ్యకుడు. 18 మిల్లీమీటరుల వ్యాసము, 65 మిల్లీమీటరుల పొడవు గల గుండ్రని సెల్లుమీద 9900 అని అచ్చువేసి అమ్ముచుండుట చూచుచున్నాము. ఆ పరిమాణము గల నిజమైన సెల్లు 3500 మిల్లీ ఆంపియరు గంటలను మించుట అరుదు. అంకె యెంత పెద్దదైన సెల్లు అంత అనుమానింపదగినది.

సెల్లుమీద నేరుగా సీసపు అతుకు వేయరాదు; ఆ వేడికి లోపలి పొరలు చెడును. సెల్లు పట్టు గూడు కొద్ది రూపాయలకే దొరకును. సెల్లునుండి బయలుదేరు తీగెలో ఫ్యూజు ఉండవలెను. మొదటిసారి నింపునప్పుడు పెద్దవారొకరు దగ్గర నుండవలెను. పక్కమీదను, కాగితముల నడుమను, రాత్రి అందరు నిదురించునప్పుడును నింపరాదు. చచ్చిన సెల్లును చెత్తకుప్పలో వేయరాదు. మంటలో అసలే వేయరాదు. 2022వ సంవత్సరమున మన కేంద్ర ప్రభుత్వమువారు చేసిన నియమముల ప్రకారము పాత బ్యాటరీలను తిరిగి సేకరించు బాధ్యత తయారీదారులపై నున్నది. అట్టివానిని కొనల మీద పట్టీ అంటించి పాఠశాలకు తెచ్చినచో సేకరించువారికి అప్పగింతుము.

అభ్యాసము

ఈ లెక్క పట్టుబడుటకు ఒక ఉదాహరణము. 1 వాట్టు చదువుదీపమును రాత్రి 4 గంటలు వెలిగింపవలెను. 3.7 వోల్టుల సెల్లునుండి అది సుమారు 270 మిల్లీ ఆంపియరులు తీసికొనును. 4 గంటలకు 1080. మునుపటి సెల్లే వాడినచో 2000 నిలువ రెండవ రాత్రి ముగియకమునుపే తరిగిపోవును. 3 వాట్టుల ఫలకము దినమునకు 1200 తెచ్చును. ఎండ దినమున సరిపోవును గాని మబ్బు దినపు లోటును తీర్చదు. 5 వాట్టులది 2000 తెచ్చును గనుక తగినది. సెల్లులు రెండు సమాంతరముగా నుంచినచో ముసురు దినములలో మూడు రాత్రులు చదువుకొనవచ్చును. అట్లు కలుపుటకు ముందు రెండును ఒకే రకమువై, ఒకే వోల్టులో నుండవలెను. తుపానులకు స్తంభములు కూలి కరెంటు రాని రాత్రులు మన కోస్తా గ్రామములకు క్రొత్త కాదు. ఆ రాత్రులలో ఈ దీపముయొక్క విలువ తెలియును.

ఇక విద్యార్థులు చేయవలసిన పని చిన్నది. క్రొత్త యంత్రము కట్టదలచినప్పుడు నోటుపుస్తకమున ఒక పుట తీసి మూడు గీతలు గీయుడు. మొదటి వరుసలో దినపు ఖర్చు, రెండవ వరుసలో ఎన్ని ఎండలేని దినములు నిలువవలెనో ఆ నిలువ, మూడవ వరుసలో దినపు రాబడి వ్రాయుడు. రాబడి ఖర్చుకంటె కనీసము రెట్టింపు లేనిచో మొదటి వరుసకే తిరిగిపోయి ఖర్చును తగ్గింపుడు. ఆ పుట సరిపడిన పిమ్మటనే అంగడికి పొండు. రాబోవు ప్రదర్శనమున ఎండతో నడచు యంత్రమును తెచ్చు ప్రతి జట్టును ఈ పుటనుగూడ చూపవలెనని ఏర్పాటు చేయుచున్నాము. లెక్క చూడగోరు విద్యార్థులు శనివారము మధ్యాహ్నము ప్రయోగశాలకు రావచ్చును. మల్టీమీటరులు అచ్చట సిద్ధముగా నుండును.